గ్రామపు టెన్నికలలో నివాసము, గుర్తింపు

గ్రామమున నెన్నిక జరుగునపుడు ప్రతి వోటరును రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియుండును. “నీ వీ యూరివాడవేనా?” యనునది మొదటిది. “జాబితాలోని పేరు నీదేనా?” యనునది రెండవది. ఇవి కేవలము కార్యాలయ వ్యవహారములుగా తోచవచ్చును. కాని వీని సమాధానములు కాలక్రమమున మారిన విధమును పరిశీలించినచో గ్రామ స్వపరిపాలన చరిత్ర యంతయు నందు ప్రతిబింబించుట కాననగును.

కాంచీపురమునకు సమీపమున నున్న ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని శాసనములు రెండు కలవు. ఇవి క్రీ.శ. 919, 921 సంవత్సరముల నాటివి. గ్రామమును 30 కుడుంబులుగా విభజించి, అర్హుల పేర్లను తాటాకు చీట్లపై వ్రాసి, కుండలో వేసి, బాలునిచే తీయించెడివారు. అర్హుడగుటకు 35 మొదలు 70 ఏండ్ల లోపు వయస్సు, పావు వేలికి మించిన పన్ను భూమి, స్వంత స్థలమున కట్టుకొన్న యిల్లు ఉండవలెను. ఇది బ్రాహ్మణ గ్రామసభ. ఎంపిక చీట్లచే జరిగినది. కనుక నేటి యర్థమున నిది వోటింగు కాదు. అయినను ఊరివాడనగా ఇల్లును నేలయు గలవాడను భావన యిచట స్పష్టముగ నున్నది.

ఈ భావన వేయి సంవత్సరముల తరువాతను చెక్కుచెదరలేదు. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును ప్రకటించెను. 1884లో మద్రాసు స్థానిక సంఘముల చట్టము వచ్చెను. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము వోటుహక్కును విస్తరింపజేసినను ఆస్తి, పన్ను, విద్య అను మెట్లను తొలగింపలేదు. పన్ను లెక్కలలో పేరులేని కూలివాడు ఊరిలో పుట్టి పెరిగినను ఎన్నికనాడు పరాయివాడే.

ఈ పరిస్థితిని మార్చినది వయోజన వోటుహక్కు. 1948లో జాబితాల తయారీ ఆరంభమైనపుడు 180 దినముల నివాసమును నియమముగా పెట్టిరి. దేశవిభజనచే నిలువనీడ కోల్పోయి వచ్చిన శరణార్థులకు మాత్రము, ఇచటనే స్థిరపడుదుమను వాఙ్మూలమే చాలునని సడలించిరి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము మరియొక యడుగు ముందుకు వేసినది. ఇల్లు కలిగియుండుట మాత్రముచేతనే ఎవరును నివాసి కానేరరు. తాత్కాలికముగ ఊరు విడిచినంతమాత్రమున నివాసము పోదు. ఉత్తరమేరూరు నియమము దీనిచే తలక్రిందులైనది. పని వెదకుకొనుచు దూరదేశములకు పోయి, మరల ఇల్లు చేరు పాలమూరు కూలీలకు ఈ సూత్రమే యాధారము.

గుర్తింపు విషయమున మార్పు మరింత కష్టముతో జరిగినది. మొదటి సాధారణ ఎన్నికల జాబితాలలో సుమారు 28 లక్షల స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలాని వాని భార్య, ఫలాని వాని కూతురు అని మాత్రమే వ్రాయించుకొనుటచే, ఆ నమోదులను కొట్టివేయవలసివచ్చెను. ఊరందరును ఎరిగిన మనిషి జాబితాకు తెలియని మనిషి యయ్యెను.

1961 నాటి ఎన్నికల నియమముల ప్రకారము వోటరును గుర్తించుటకు తగినవారి సహాయమును పోలింగు అధికారి పొందవచ్చును. వోటరు గుర్తింపును ప్రశ్నింపదలచిన ఏజెంటు రెండు రూపాయలు డిపాజిటు చెల్లింపవలెను. గ్రామములలో ఊరివారిని బాగుగా ఎరిగినవారు కరణము, మునసబులు. ఊరి జ్ఞాపకము పేదవానికి కొంత రక్ష. కాని యా జ్ఞాపకము పెద్దల నోటనుండి వెలువడునపుడు అదియే వానికి భయకారణము. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికార పదవులు 1984లో రద్దయినవి. 1993లో ప్రధాన ఎన్నికల కమిషనరు శేషన్ ఫోటో గుర్తింపు కార్డులకై ఉత్తరువిచ్చిరి. సాక్ష్యము మనిషి మాటనుండి కాగితమునకు మారినది.

అయినను కార్డు వోటు నీయదు. జాబితాలోని పేరే యిచ్చును. 73వ రాజ్యాంగ సవరణ తరువాత వచ్చిన 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, శాసనసభ జాబితానే గ్రామపంచాయతి జాబితాకు మూలముగ గ్రహించినది. శాసనసభ నియోజకవర్గమున లెక్కకురాని పొరపాటు, కొలదిమంది వోటర్లుగల గ్రామపు వార్డులో గెలుపోటములను నిర్ణయింపగలదు. నిరూపణ భారము ఆస్తిపరుని మీదికంటె ఆస్తిలేనివాని మీద అధికముగ పడకుండ చూచుటయే ఈ దీర్ఘచరిత్ర మనకు బోధించు ప్రధానాంశము.