కొలతకు అందిన వరద, అందని వలస

బస్తర్ నుంచి గోదావరి లోయకు రెండు ప్రవాహాలు దిగివస్తాయి. ఒకటి ఇంద్రావతి, శబరి నదుల నీరు. రెండోది ఏటా మిరప కోతలకు వచ్చే ఆదివాసీ కూలీలు. మొదటిదాన్ని రాజ్యం అడుగుల్లో కొలుస్తుంది. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరిందని దశాంశంతో సహా చెప్పగలదు. రెండో ప్రవాహానికి అటువంటి కొలబద్ద ఏనాడూ నాటలేదు.

2005 జూన్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాల నుంచి వేలాది మంది నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నారు. స్థానికులు వారిని గుత్తికోయలన్నారు. అదే ఏడాది డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. మనుషుల చేతలవల్ల కలిగే ఉపద్రవాలను కూడా ఆ చట్టం విపత్తుగానే నిర్వచించింది. అయినా బస్తర్ పల్లెలు చెదిరిపోవడాన్ని ఆ ఖాతాలో ఎవరూ రాయలేదు. ప్రత్యేక పోలీసులుగా ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చేసరికి ఆరేళ్లు గడిచిపోయాయి.

విపత్తు సన్నద్ధత అంటే పడవలు, పునరావాస కేంద్రాలు మాత్రమే కాదు. అంతకుముందు ఒక జాబితా ఉండాలి. గుత్తికోయల గూడేలు ఎక్కువగా రిజర్వు అడవిలో ఉంటాయి, రెవెన్యూ గ్రామాల లెక్కకు రావు. తెలంగాణలో వారికి షెడ్యూల్డు తెగ హోదా లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా అయిదుగురు, అంతకుమించి పనిలో పెట్టుకున్న సంస్థలకే వర్తించింది. మేస్త్రీ మాట మీద కుటుంబాలతో సహా వచ్చి, చేను అంచున పరదా కింద కాపురం పెట్టే కూలీలు ఏ సంస్థ రిజిస్టరులో ఉంటారు?

ఈ లోటు బయటపడింది వరదలో కాదు. 2020 మార్చి 24న కేంద్రం లాక్‌డౌన్ ఉత్తర్వులిచ్చింది. చిత్రమేమిటంటే, అదే విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చింది. వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రకటించింది. మంచి నిర్ణయమే, కానీ అది అందాలంటే ఎవరు ఏ చేలో ఉన్నారో ముందు తెలిసుండాలి. ఏప్రిల్ మధ్యలో, లాక్‌డౌన్ పొడిగించాక, ములుగు జిల్లా మిరప చేలనుంచి ఒక బృందం కాలినడకన బీజాపూర్ బయలుదేరింది. అందులో పన్నెండేళ్ల బాలిక ఒకరు. మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న ఇంటికి మరికొద్ది కిలోమీటర్ల దూరంలో ప్రాణం విడిచింది. మృతదేహానికి కరోనా పరీక్ష చేశారు. లేదని తేలింది.