చదరంగంలో లెక్కలు: ఒక పాత బొంబాయి పుస్తకం

ఇంట్లో చదరంగపు బల్ల ఉంటే దగ్గరికి లాక్కోండి. నల్లరాజును అతని వైపు మూలగడిలో ఉంచండి. పక్కగడి ఖాళీ. దాని పక్కన నల్ల ఏనుగు. రాజుకు ఎదురుగా ఒక బంటు, ఖాళీగడికి ఎదురుగా ఒక బంటు. మూలబంటు ముందు తెల్లగుర్రం. తెల్లమంత్రి దూరాన నిలిచి ఐమూలగా ఆ ఖాళీగడిని చూస్తున్నాడు. తెల్లరాజు ఎక్కడో క్షేమంగా ఉన్నాడు. ఎత్తు తెల్లవారిది. ఆలోచిస్తూ ఉండండి.

ఇటువంటి లెక్కలతోనే 1814లో బొంబాయిలో ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. మూలం సంస్కృతం. రచయిత తిరువేంగడాచార్య శాస్త్రి. ఆ పేరులోని వేంగడం మన తిరుమల కొండే. మన పెద్దలు బంటును మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిపేవారు. శాస్త్రిగారు మాత్రం తన లెక్కలను ఐరోపా పద్ధతికి మలిచారు. నేర్చుకునేవారి ఆట మెరుగుపడాలి, జ్ఞాపకానికి సాధన కావాలి అన్న ఉద్దేశం పుస్తకం పేరులోనే ఉన్నది.

లెక్కలు కట్టడం అంతకుముందూ ఉన్నదే. తొమ్మిదో శతాబ్దంలోనే అరబ్బులు వాటిని మన్సూబాలని పిలిచి పోగుచేశారు. నాకు నచ్చినది మాత్రం శాస్త్రిగారు వాడిన ‘జ్ఞాపకం’ అన్న మాట. 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష జరిపారు. నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపితే గట్టి ఆటగాడు చాలావరకు తిరిగి పేర్చాడు. పావులను ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురు చేసి చూపితే కొత్తవాడికీ అతనికీ పెద్ద తేడా లేకపోయింది. అంటే అతని తలలో ఉన్నవి విడి పావులు కావు, పావుల కూర్పులు. లెక్కలు విప్పేకొద్దీ ఆ కూర్పులే పోగవుతాయి. జవాబు ముందే చూసేస్తే ఒక్కటీ నిలవదు.

ఇక మన లెక్క. మంత్రి ఖాళీగడిలోకి వెళ్లి రాజుకు షా చెబుతాడు. గుర్రం కాపు ఉన్నది, కనుక రాజు అతన్ని చంపలేడు. ఏనుగే చంపాలి. ఏనుగు అక్కడికి రాగానే రాజుకు కదిలే చోటు పోయింది. అది ఖాళీ చేసిన గడికి ముందరి గడిలోకి గుర్రం దూకితే ఆట కట్టు. 1497లో స్పెయిన్‌లో అచ్చయిన లుసేనా పుస్తకంలోనే ఈ కిటుకు ఉన్నది.

మళ్లీ అలాగే పేర్చి, గుర్రం పక్కన, రెండో బంటు ముందు ఒక నల్ల శకటును నిలబెట్టండి. ఇప్పుడు మంత్రిని బలి ఇస్తారా?