బీపీ, టెన్షన్ ఒకటేనా? ఆందోళనకూ అధిక రక్తపోటుకూ ఉన్న సంబంధం ఏమిటి?

కోపం వస్తే ‘నాకు బీపీ తెప్పించకు’ అనడం, పరీక్షల ముందో, పెళ్లిపనుల మధ్యనో ‘టెన్షన్‌తో బీపీ పెరిగిపోతోంది’ అనుకోవడం తెలుగువారి మాటల్లో మామూలైపోయింది. మనసులోని అలజడికీ, రక్తనాళాల్లోని ఒత్తిడికీ వాడుక భాషలో దాదాపు ఒకే పేరు స్థిరపడింది.

వైద్యశాస్త్రం మాత్రం ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. అధిక రక్తపోటుకు ఇంగ్లిష్‌లో ‘హైపర్‌టెన్షన్’ అని పేరు. ఆ మాటలోని ‘టెన్షన్’కు అర్థం మానసిక ఆందోళన కాదు, ధమనుల గోడలపై రక్తం కలిగించే ఒత్తిడి.

ఈ తేడా మాటలకే పరిమితమైతే పెద్ద నష్టం లేదు. కానీ రెండింటినీ ఒకటిగా భావించేవారు రెండు రకాల పొరపాట్లకు లోనవుతుంటారు. బీపీ ఎక్కువగా నమోదైనప్పుడు ‘ఆ రోజు టెన్షన్‌లో ఉన్నాను, అందుకే పెరిగింది’ అని చికిత్సను వాయిదా వేయడం మొదటిది. ‘ఇప్పుడు నాకు ఏ టెన్షనూ లేదు’ అని రోజూ వేసుకోవాల్సిన మాత్రలను మానేయడం రెండోది. పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం వంటి ముప్పులకు ఈ రెండూ దారి తీయగలవు.

అధిక రక్తపోటు అని ఎప్పుడు అంటారు?

గుండె సంకోచించినప్పుడు ధమనుల్లో ఉండే ఒత్తిడిని సిస్టాలిక్ అనీ, రెండు స్పందనల మధ్య గుండె విశ్రమించినప్పుడు ఉండే ఒత్తిడిని డయాస్టాలిక్ అనీ అంటారు. బీపీ చీటీలో పైన రాసేది మొదటిది, కింద రాసేది రెండోది. వేర్వేరు రోజుల్లో ఆసుపత్రిలో కొలిచినప్పుడు పై సంఖ్య 140 గానీ, కింది సంఖ్య 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అధిక రక్తపోటుగా పరిగణిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ నిర్వచనంలో ‘వేర్వేరు రోజుల్లో’ అన్న మాట కీలకమైనది. రక్తపోటు రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో తగ్గుతుంది, తెల్లవారుజామున పెరుగుతుంది, మెట్లెక్కినా, గట్టిగా మాట్లాడినా, భయపడినా మారుతుంది. అలా మారడం ఆరోగ్యకరమైన శరీర లక్షణమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఒత్తిడి తగ్గకుండా నిలిచిపోవడమే వ్యాధి.

ఆందోళన కలిగినప్పుడు శరీరంలో ఏం జరుగుతుంది?

ప్రమాదం ఎదురైందని మెదడు భావించగానే సింపథెటిక్ నాడీ వ్యవస్థ చురుకవుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, నాడుల చివరల నుంచి నార్అడ్రినలిన్ విడుదలవుతాయి. గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. చర్మానికి, జీర్ణకోశానికి వెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయి. కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఫలితంగా రక్తపోటు పెరుగుతుంది. పోరాడటానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ సన్నాహాన్ని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 20వ శతాబ్దం తొలినాళ్లలో వివరించారు.

పులి ఎదురైనా, పరీక్ష ఫలితం రాబోతున్నా శరీరం స్పందించే తీరు ఒకటే. అయితే భయం తొలగిపోయాక ఈ మార్పులు వెనక్కి మళ్లుతాయి. మెడలోని ధమనుల్లోనూ, బృహద్ధమనిలోనూ ఉండే సూక్ష్మ గ్రాహకాలు ఒత్తిడి పెరిగిన సంగతిని మెదడుకు చేరవేస్తాయి. గుండె నెమ్మదిస్తుంది. సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే రక్తపోటు పూర్వస్థితికి వస్తుంది.

డాక్టర్‌ను చూడగానే బీపీ పెరుగుతుందా?

ఇటలీ వైద్యుడు జుసెప్పె మాన్చా బృందం 1983లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమిచ్చింది. రోగుల ధమనిలోనే సన్నని గొట్టం అమర్చి, రక్తపోటును నిరంతరాయంగా నమోదు చేస్తూ, మధ్యలో డాక్టర్‌ను వారి మంచం వద్దకు పంపారు. డాక్టర్ వచ్చిన నాలుగు నిమిషాల లోపే సిస్టాలిక్ సగటున దాదాపు 27, డయాస్టాలిక్ దాదాపు 15 పాయింట్లు పెరిగాయి. అప్పటికే బీపీ ఉన్నవారిలోనూ, లేనివారిలోనూ ఈ పెరుగుదల కనిపించింది.

ఇలా ఆసుపత్రిలో మాత్రమే ఎక్కువగా ఉండి, ఇంట్లో మామూలుగా ఉండే బీపీని ‘వైట్ కోట్ హైపర్‌టెన్షన్’ అంటారు. ఇది పూర్తిగా నిరపాయకరమని చెప్పలేం. ఇలాంటివారిలో కొందరికి తర్వాతి కాలంలో శాశ్వతమైన అధిక రక్తపోటు వస్తుంది. కాబట్టి మందులు అవసరం లేకపోయినా క్రమం తప్పకుండా పరీక్షించుకోవాల్సి ఉంటుంది.

దీనికి విరుద్ధమైన స్థితి మరింత ప్రమాదకరం. ఆసుపత్రిలో బీపీ సాధారణంగా నమోదై, ఇంట్లోనో, పనిచేసే చోటనో ఎక్కువగా ఉండటాన్ని ‘మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్’, అంటే మరుగున ఉన్న అధిక రక్తపోటు అంటారు. డాక్టర్ ముందు కొలిచిన సంఖ్య బాగుండటంతో చికిత్స మొదలుకాదు. గుండెకు, మెదడుకు జరిగే నష్టం మాత్రం లోలోపల కొనసాగుతుంది.

దీర్ఘకాల ఆందోళన బీపీ జబ్బుకు కారణమవుతుందా?

క్షణికమైన ఆందోళన శాశ్వత వ్యాధిని కలిగించదు. ఏళ్ల తరబడి వేధించే ఆందోళన రుగ్మత విషయంలో మాత్రం సమాధానం అంత సూటిగా ఉండదు. దాదాపు 80 వేల మందిని కొంతకాలం పాటు పరిశీలించిన పలు అధ్యయనాలను కలిపి 2015లో విశ్లేషించినప్పుడు, ఆందోళనతో బాధపడేవారిలో తర్వాతి కాలంలో అధిక రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఇది రెండింటికీ సంబంధం ఉందని చూపుతుంది, ఒకటి రెండోదానికి ఏకైక కారణమని నిరూపించదు.

సంబంధానికి దారులు అనేకం. నాడీ వ్యవస్థ పదేపదే ఉద్రిక్తమవడం ఒకటి. ఆందోళన వెంట వచ్చే అలవాట్లు మరొకటి. నిద్ర చెడటం, పొగతాగడం, మద్యం, వ్యాయామం మానేయడం, వేళాపాళా లేని తిండి, మాత్రలు మరచిపోవడం... వీటిలో ప్రతి ఒక్కటీ రక్తపోటును పెంచగలదు. వయసు, వంశపారంపర్యం, అధిక బరువు, ఉప్పు వంటి కారణాలకు మనసు ప్రశాంతంగా ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. ఎంతో నెమ్మదస్తులకు కూడా అధిక రక్తపోటు రావడానికి కారణం ఇదే.

బీపీ ఉందని తెలియడమే ఆందోళన కలిగిస్తే?

ఈ బంధం వెనుక దిశలోనూ పనిచేస్తుంది. కెనడాలోని హామిల్టన్‌లో ఉక్కు కర్మాగార కార్మికులపై చేసిన అధ్యయనం 1978లో ప్రచురితమైంది. తమకు అధిక రక్తపోటు ఉందని కొత్తగా తెలుసుకున్నవారు అంతకు ముందుకంటే ఎక్కువ రోజులు పనికి గైర్హాజరయ్యారని అందులో తేలింది. చికిత్స మొదలుపెట్టారా లేదా అన్నదానితో ఈ పెరుగుదలకు సంబంధం కనిపించలేదు. ‘నేను రోగిని’ అన్న భావనే వారి దినచర్యను మార్చింది.

ఇంటింటా డిజిటల్ బీపీ యంత్రాలు చేరిన ఈ కాలంలో ఈ సమస్య మరో రూపంలో కనిపిస్తోంది. ఒకసారి సంఖ్య ఎక్కువగా కనిపించగానే భయం కలుగుతుంది. ఆ భయంతో వెంటనే మళ్లీ కొలిస్తే సంఖ్య ఇంకా పెరుగుతుంది. యంత్రం చూపుతున్నది జబ్బును కాదు, కొలుస్తున్న వ్యక్తి భయాన్ని.

సర్పగంధ చెప్పే కథ

బీపీ, మనసు ఒకే నాడీరసాయనాలతో ఎంతగా ముడిపడి ఉన్నాయో చూపే ఉదాహరణ భారత ఉపఖండంలోనే ఉంది. సర్పగంధ మొక్క వేరును ఇక్కడి సంప్రదాయ వైద్యంలో మతిభ్రమణానికి, నిద్రలేమికి వాడేవారు. ఇది ఉన్మాదానికీ, అధిక రక్తపోటుకూ పనికివస్తుందని కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ‘బ్రిటిష్ హార్ట్ జర్నల్’లో దీనిపై క్లినికల్ పరిశీలనను ప్రచురించడంతో ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది.

ఈ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. నాడుల చివరల్లో ఉండే నార్అడ్రినలిన్ వంటి రసాయనాల నిల్వలను అది ఖాళీ చేస్తుంది. అందువల్ల రక్తపోటు తగ్గేది, ఉద్రిక్తత కూడా చల్లారేది. కానీ దానిని వాడిన కొందరిలో తీవ్రమైన మనోవేదన, కుంగుబాటు కనిపించినట్లు వైద్యులు నివేదించారు. మెరుగైన మందులు వచ్చాక దాని వాడకం బాగా తగ్గింది. ఇప్పటి బీపీ మందుల్లో ఎక్కువ భాగం మనసు జోలికి పోకుండా రక్తనాళాలపైన, మూత్రపిండాలపైన పనిచేస్తాయి.

పానిక్ అటాకా, బీపీ అత్యవసర స్థితా?

అధిక రక్తపోటు సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, ఊపిరాడనట్లు అనిపించడం, ప్రాణం పోతుందన్న భయం... ఇవన్నీ ఒక్కసారిగా మొదలై, దాదాపు 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, క్రమంగా తగ్గిపోతే అది పానిక్ అటాక్ కావచ్చు. అయితే గుండెపోటులోనూ ఇలాంటి లక్షణాలే ఉంటాయి కనుక, మొదటిసారి వచ్చినప్పుడు అది కేవలం భయమేనని ఎవరికివారు నిర్ణయించుకోకూడదు.

బీపీ 180/120 దాటి, దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ముఖం లేదా ఒక చెయ్యి, కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి, అయోమయం వంటివి ఉంటే అది అత్యవసర స్థితి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. సంఖ్య ఎక్కువగా ఉన్నా ఈ లక్షణాలేవీ లేకపోతే, కొద్దిసేపు నిశ్శబ్దంగా కూర్చుని మళ్లీ కొలవాలి. అప్పటికీ అలాగే ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను సంప్రదించాలి.

థైరాయిడ్ అతిగా పనిచేయడం, అడ్రినల్ గ్రంథిలో అరుదుగా వచ్చే ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఆందోళన లక్షణాలనూ, అధిక బీపీనీ ఒకేసారి కలిగించగలవు. దడ, చెమటలు, తలనొప్పి విడతలు విడతలుగా వస్తూ బీపీ ఎగసిపడుతుంటే వైద్యులు ఈ కోణంలోనూ పరీక్షిస్తారు.

ఇంట్లో ఎలా కొలవాలి?

భయం వల్ల పెరిగిన సంఖ్యనూ, అసలు వ్యాధినీ వేరుచేసే మార్గం సరైన పద్ధతిలో కొలవడమే. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగాకు, వ్యాయామం వద్దు. మూత్ర విసర్జన చేసి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, కాలుమీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. పట్టీని దుస్తులపై కాకుండా నేరుగా మోచేతి పైభాగానికి చుట్టి, చేతిని గుండె ఎత్తులో బల్లపై ఆనించాలి. కొలుస్తున్నప్పుడు మాట్లాడకూడదు.

ఉదయం, సాయంత్రం ఒక నిమిషం తేడాతో రెండేసి సార్లు చొప్పున వారం రోజులు కొలిచి రాసుకోవాలి. మొదటి రోజు సంఖ్యలను వదిలేసి మిగతావాటి సగటు చూడాలి. ఆ సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువగా ఉంటే అది ఆ పూట టెన్షన్ కాదు, చికిత్స గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిన అధిక రక్తపోటు. సందేహం మిగిలితే 24 గంటలపాటు శరీరానికి అమర్చి ఉంచే యంత్రంతో పరీక్షిస్తారు.

చికిత్స ఎలా ఉంటుంది?

రెండు సమస్యలూ ఉన్నవారికి రెండింటికీ చికిత్స కావాలి. ఒకదాని మందు రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు. ఆల్ప్రజోలం వంటి మాత్రలు వేసుకుంటే తాత్కాలికంగా సంఖ్య తగ్గినట్లు కనిపించవచ్చు. కానీ అవి బీపీ మందులు కావు, దీర్ఘకాలం వాడితే వాటికి అలవాటు పడే ప్రమాదం ఉంది. ప్రొప్రనలాల్ దడను, వణుకును తగ్గిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి మాత్రం హాని చేయగలదు. ఆందోళనకు, కుంగుబాటుకు ఇచ్చే వెన్లాఫాక్సిన్, కొన్ని నొప్పి మాత్రలు, ముక్కుదిబ్బడ మందులు బీపీని పెంచగలవు. కాబట్టి వాడుతున్న ప్రతి మందునూ డాక్టర్‌కు చెప్పాలి.

రోజూ నడక, తగినంత నిద్ర, మద్యం, పొగాకు మానేయడం రెండు సమస్యలకూ మేలు చేస్తాయి. ఉప్పు తగ్గించడం బీపీకి ప్రత్యేకంగా అవసరం. రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు రోజూ ఉండే తెలుగువారి భోజనంలో ఈ లెక్క తేలిగ్గా దాటిపోతుంది. ఆందోళన ఎక్కువ కాలం వేధిస్తుంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ వంటి చికిత్సలున్నాయి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి-మానస్ సేవను 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ పొందవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం వయోజనుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. 2023లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఈ సమస్యను అదుపుచేసేందుకు 2017లో ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. సులభమైన చికిత్సా విధానం, ఇంటికి దగ్గర్లోనే నిరంతరాయంగా మందులు అందించడం, రోగులు మధ్యలో మానేయకుండా చూడటం దీనిలో ముఖ్యాంశాలు.

మూడోది అన్నింటికంటే కష్టం. బీపీ బాధించదు కనుక మందు మానేసినా వెంటనే ఏమీ తెలియదు. మనసు తేలికపడటం మంచిదే, కానీ ధమనుల్లో ఒత్తిడి తగ్గిందనడానికి అది రుజువు కాదు. మోతాదు తగ్గించాలన్నా, మానేయాలన్నా వారం రోజుల సంఖ్యలు రాసిన కాగితం చూశాక డాక్టరే చెప్పాలి.