చేతిపనికి చట్టం: కృత్రిమ అవయవాలు అమర్చేవారి అర్హతల చరిత్ర

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలోని ఉసూరు బ్లాకులో ఆవపల్లి అనే ఊరు ఉంది. మ్యాపులో చూస్తే తెలంగాణ సరిహద్దుకు దగ్గరే. ఒకప్పుడు ఇదంతా అవిభక్త బస్తర్ జిల్లా. 1998లో దంతెవాడ జిల్లా, అందులోంచి 2007లో బీజాపూర్ జిల్లా ఏర్పడ్డాయి. ఇక్కడి జనం గోండీ, దోర్లీ మాట్లాడతారు, తెలుగూ మాట్లాడతారు. మిరప కోతల కాలంలో ఈ ప్రాంతపు కూలీలు సరిహద్దు దాటి తెలంగాణ పల్లెలకు వస్తారు. ఈ జిల్లా పేరు దశాబ్దాలుగా వార్తల్లో మందుపాతరల సందర్భంగానే ఎక్కువగా వినబడింది. వాటివల్ల కాళ్లు పోగొట్టుకున్నవారిలో జవాన్లు ఉన్నారు, ఆకుకో కట్టెలకో అడవికి వెళ్లిన పల్లె జనం కూడా ఉన్నారు. ఇవి కాక రోడ్డు ప్రమాదాలు, పాముకాటు తర్వాత కుళ్లిన గాయాలు, మధుమేహం ఎక్కడైనా ఉన్నవే.

ఇలాంటి చోట ఒక మనిషికి మోకాలి కింద కాలు తీసేశారనుకోండి. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఎం.బి.బి.ఎస్., ఆపైన ఎం.ఎస్. ఉండాలని మనకు తెలుసు. మందులిచ్చే ఫార్మసిస్టుకూ పట్టా ఉండాలి. మరి కృత్రిమ కాలు కోసం కొలత తీసుకుని, తయారుచేసి, తొడిగి, నడిపించే వ్యక్తికి ఏ చదువు ఉండాలి? ఆ మాట ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్నకు మన దేశం చట్టరూపంలో జవాబు చెప్పింది 1992లోనే. అంతకుముందు జరిగిన కథ తెలియకపోతే ఆ చట్టం ఎందుకు అవసరమైందో, అది ఎక్కడ ఇబ్బంది పెడుతుందో అర్థం కాదు.

ముందు పని సంగతి చూద్దాం. కళ్లజోడు ఫ్రేము దుకాణంలో ఎంచుకున్నట్లు కృత్రిమ కాలును ఎంచుకోవడానికి వీల్లేదు. తెగిన కాలులో మిగిలిన మొండి భాగం ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు. దాని చుట్టూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసిన తడి పట్టీ చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి గట్టిపడనిస్తే మొండి భాగానికి నమూనా వస్తుంది. అసలు విద్య ఇక్కడ మొదలవుతుంది. శరీర బరువును ఎక్కడ మోపవచ్చో అక్కడ నమూనాను కొంచెం చెక్కాలి, ఎముక పొడుచుకొచ్చిన చోట ప్లాస్టర్ కలిపి ఎత్తు చెయ్యాలి. మోకాలిచిప్ప కింద ఉండే స్నాయువు బరువును తట్టుకుంటుంది, పిక్క ఎముక పైకొన తట్టుకోలేదు. ఈ నమూనా మీద వేడిచేసిన ప్లాస్టిక్ రేకును కప్పితే సాకెట్ తయారవుతుంది. తర్వాత పాదాన్ని సాకెట్‌తో సరైన కోణంలో కూర్చాలి. కోణం కొద్దిగా తప్పినా మోకాలు పక్కకు లాగుతుంది, నడుము నొప్పి మొదలవుతుంది. చెక్కడం తప్పితే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. మధుమేహం ఉన్న మనిషికి ఆ పుండు మానక మరో ఆపరేషన్‌కు దారితీయవచ్చు. పోలియో వచ్చిన కాలికి ఆసరాగా కట్టే కాలిపర్ల విషయంలోనూ ఇంతే.

అంటే ఈ పనిలో సగం శరీరశాస్త్రం, భౌతికశాస్త్రం, తక్కిన సగం వడ్రంగి చేతికి ఉండే నేర్పు. కృత్రిమ అవయవాలు చేసేవారిని ప్రోస్థటిస్టులనీ, కాలిపర్లవంటి ఆసరా పరికరాలు చేసేవారిని ఆర్థటిస్టులనీ అంటారు. మన దేశంలో ఈ రెండూ కలిపి ఒకే కోర్సుగా చెబుతారు.

యుద్ధంలో కాలు పోయిన విశ్పలకు అశ్వినీ దేవతలు ఇనుపకాలు అమర్చారని ఋగ్వేదంలో ఉంది. అశ్వినులను అర్హత అడిగినవారు లేరు! ఆధునిక కాలానికి వస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం 1944లో పుణేలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ వెలిసింది. 1955లో ముంబయిలో ఐక్యరాజ్యసమితి సాయంతో అఖిల భారత భౌతిక చికిత్స, పునరావాస సంస్థ ఏర్పడింది. 1972లో కేంద్ర ప్రభుత్వం కాన్పూర్‌లో అలింకో సంస్థను స్థాపించింది. కృత్రిమ అవయవాల విడిభాగాలను ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారుచెయ్యడం దాని పని. విడిభాగాలు ఫ్యాక్టరీలో తయారవుతాయి గాని, సాకెట్ మాత్రం మనిషి మనిషికీ విడిగా చెయ్యవలసిందే. అందుకే అలింకోకు అనుబంధంగా 1975లో ఒడిశాలోని ఓలట్‌పూర్‌లో ఒక శిక్షణ సంస్థ పుట్టింది. అదే ఈనాటి స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ. 1978లో కోల్‌కతాలో అస్థి వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది.

ఈ వరుసలో ఇమడని ఘట్టం ఒకటి ఉంది. 1960ల చివర జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో విదేశీ పద్ధతి కాళ్లు అమర్చేవారు. రోగులు వాటిని తొడుక్కుని వెళ్లేవారు, కొన్నాళ్లకు మూల పడేసేవారు. ఆ పాదం బూటులో ఉంటేనే పనిచేస్తుంది. మన రైతు బూటు వేసుకుని వరిమడిలోకి దిగడు, గొంతుకు కూర్చోకుండా అతనికి రోజు గడవదు. ఈ లోపాన్ని పట్టుకున్నవాడు రామచంద్ర శర్మ అనే శిల్పి. ఆయనకు బడి చదువు పెద్దగా లేదు. ఎముకల వైద్యుడు డాక్టర్ పి.కె. సేథీ తోడయ్యారు. చక్రాల టైర్లకు వాడే వల్కనైజ్డ్ రబ్బరుతో, అన్ని వైపులకూ వంగే పాదాన్ని వారు రూపొందించారు. అదే జైపూర్ పాదం. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగా దేశమంతటా పంచింది. 1981లో రామన్ మెగసెసె పురస్కారం డాక్టర్ సేథీకి దక్కింది. శిల్పి పేరు మాత్రం చాలాకాలం వెనకే ఉండిపోయింది. చదువుకున్నవాడికీ చేతిపనివాడికీ మధ్య మన సమాజం పెట్టే తేడా ఇక్కడా కనిపించిందని నా అభిప్రాయం.

తెలుగువారికి జైపూర్ కాలు సినిమా ద్వారా బాగా తెలిసింది. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేశారు. ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 'మయూరి' వచ్చింది. అందులో ఆమే నటించారు.

హైదరాబాద్ కథ వేరు. 1990లలో నిమ్స్‌కు చెందిన ఒక ఎముకల వైద్యుడు రక్షణ పరిశోధన ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాంను తన ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలాం ఈ సంగతిని తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. జైపూర్ పాదం చేసింది ఒక శిల్పి. తేలిక కాలిపర్ చేసింది క్షిపణి ఇంజనీర్లు. వీరిలో ఎవరికీ ప్రోస్థటిక్స్ డిగ్రీ లేదు. అలాంటప్పుడు డిగ్రీ తప్పనిసరి అనే చట్టం న్యాయమేనా? దీనికి జవాబు ఉంది. వారు కొత్త వస్తువును కనిపెట్టారు, పక్కన వైద్యుడు ఉన్నాడు. రోజూ పదిమందికి కొలతలు తీసి అమర్చే పని వేరు. ఒక నేర్పరి చేతిలో ఉన్న విద్యను వందమంది చేతుల్లోకి తీసుకువెళ్లాలంటే పాఠ్యప్రణాళిక కావాలి, పరీక్ష కావాలి, తప్పు జరిగితే అడగడానికి ఒక పేరు, ఒక నంబరు కావాలి.

1980ల నాటికి దేశంలో పునరావాస కోర్సులు ఎవరికి తోచినట్లు వారు నడుపుతున్నారు. ఒకచోట ఇన్ని నెలలు, మరోచోట అన్ని నెలలు. వాటిని ఒక దారిలో పెట్టడానికి 1986లో భారత పునరావాస మండలి ఒక రిజిస్టర్డ్ సొసైటీగా మొదలైంది. సొసైటీ సలహా చెప్పగలదు గాని శిక్షించలేదు. అందుకని 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టాన్ని చేసింది. 1993 జూన్ 22న మండలి చట్టబద్ధ సంస్థగా మారింది. 2000లో సవరణతో పరిశోధన కూడా దాని పరిధిలోకి వచ్చింది. ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు, శ్రవణ నిపుణులు మొదలైనవారితోపాటు ప్రోస్థటిస్టులు, ఆర్థటిస్టులు కూడా మండలి నమోదు చేసే వర్గాల్లో ఉన్నారు.

చట్టంలోని 13వ సెక్షన్ ముఖ్యం. కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చెయ్యరాదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 1992లో రాశారు.

పౌరశాస్త్రం చదివేవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వికలాంగుల సహాయం రాష్ట్ర జాబితాలో ఉంది, 9వ అంశం. ఆసుపత్రులూ రాష్ట్రాలవే, 6వ అంశం. మరి కేంద్రం ఎలా చట్టం చేసింది? ఉన్నత, సాంకేతిక విద్యాసంస్థల ప్రమాణాలు కేంద్ర జాబితా 66వ అంశం. వైద్యాది వృత్తులు ఉమ్మడి జాబితా 26వ అంశం. సహాయం రాష్ట్రాల పని, సహాయం చేసేవాడి అర్హత దేశమంతటికీ ఒకటే కావాలి. రాయ్‌పూర్‌లో చదివినవాడు వరంగల్‌లో పనిచేయాలన్నా, బీజాపూర్ మనిషి భద్రాచలం వచ్చి కాలు పెట్టించుకోవాలన్నా ఈ ఏర్పాటే వీలిస్తుంది.

అయితే అప్పటికే ఏళ్లతరబడి వర్క్‌షాపుల్లో పనిచేస్తున్నవారి మాటేమిటి? వారిని ఒక్కసారిగా నేరస్థులను చేయలేరు. మండలి వారికోసం బ్రిడ్జి కోర్సులు పెట్టింది. పనిలో ఉంటూనే కొద్దికాలం శిక్షణ తీసుకుని రిజిస్టరులోకి రావచ్చు. చట్టాలు చేసేటప్పుడు చాలామంది మరచిపోయే మెట్టు ఇది.

అమెరికాలో ఇదే సమస్య ఇంకా చిక్కుపడింది. అక్కడ ఈ వృత్తివారు తమంతట తామే 1948లో ధ్రువీకరణ బోర్డు పెట్టుకున్నారు. కొన్ని రాష్ట్రాలు లైసెన్సు అడుగుతాయి, కొన్ని అడగవు. 2000లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. వ్యక్తికి ప్రత్యేకంగా తయారుచేసే అవయవాలకూ ఆసరా పరికరాలకూ మెడికేర్ బీమా డబ్బు చెల్లించాలంటే, అర్హుడైన నిపుణుడే వాటిని అమర్చాలి అని. అర్హుడెవరో వివరించే నిబంధనలు ఏడాదిలోగా రావాలి. అందుకోసం అన్ని పక్షాలతో వేసిన సంఘం ఏకాభిప్రాయానికి రాలేదు. ఫిజియోథెరపిస్టులకు అదనపు ధ్రువీకరణ కావాలా వద్దా అన్నది పెద్ద తగువు. 2017 జనవరిలో ప్రభుత్వం ముసాయిదా ప్రకటించింది, అదే ఏడాది అక్టోబరులో ఉపసంహరించుకుంది. చట్టం వచ్చి పదిహేడేళ్లయినా నిబంధన రాలేదన్నమాట.

వారి చేతిలో ఉన్న పగ్గం బీమా చెల్లింపు. మనకు ఆ పగ్గం లేదు. మన దేశంలో పేదవాడికి కృత్రిమ కాలు ఎక్కువగా ఉచిత శిబిరంలో వస్తుంది, 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'అడిప్' పథకం కింద గాని, దాతృత్వ సంస్థల ద్వారా గాని. బిల్లు లేని చోట బిల్లు ఆపుతామని బెదిరించడం కుదరదు. ఉచితంగా వచ్చిందాన్ని బాగాలేదని చెప్పడానికి తీసుకున్నవాడూ మొహమాటపడతాడు. శిబిరం ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. మొండి భాగమేమో తర్వాతి నెలల్లో సన్నబడుతూ ఉంటుంది, సాకెట్ వదులవుతుంది. ఎదిగే పిల్లలకైతే మళ్లీ మళ్లీ కొత్తది చెయ్యాలి. కాబట్టి మన దగ్గర అర్హత ప్రశ్నతోపాటు, ఆ అర్హుడు ఎంత దూరంలో ఉన్నాడన్న ప్రశ్న కూడా ఉంది.

1970లో కోపెన్‌హేగెన్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఇస్పో ఈ విషయాన్ని గుర్తించి, నిపుణులను మూడు అంచెలుగా విభజించింది. పైన డిగ్రీ స్థాయి ప్రోస్థటిస్టు, మధ్య సహాయ నిపుణుడు, కింద వర్క్‌షాపులో తయారీ చూసే సాంకేతికుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 2005లో వర్ధమాన దేశాల శిక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సేవలకు ప్రమాణాలు వెలువరించింది. అందరికీ డిగ్రీ అంటే మారుమూల జిల్లాలకు ఎవరూ దొరకరు. అందరికీ చిన్న కోర్సు చాలంటే కష్టమైన కేసులు చెడిపోతాయి. మూడంచెల పద్ధతి ఈ రెంటి మధ్య రాజీ.

మన దేశంలో 1999-2000 నుంచి మొదలైన జిల్లా వికలాంగుల పునరావాస కేంద్రాల పథకంలో ప్రోస్థటిస్టు పోస్టు, ఆయన కింద సాంకేతికుడి పోస్టు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో రాజ్‌నంద్‌గావ్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరులో కాంపోజిట్ ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. రెండూ సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ పర్యవేక్షణలోనివే. రాష్ట్రపు మ్యాపు తీసి చూడండి. రాజ్‌నంద్‌గావ్ మధ్యభాగంలో, రాయ్‌పూర్ దగ్గర ఉంటుంది. ఆవపల్లి దక్షిణపు చివరన ఉంటుంది. వదులైన పట్టీ బిగించుకోవడానికి ఒక కూలీ అంత దూరం వెళ్లాలంటే ఎన్ని రోజుల కూలి పోతుందో మీరే లెక్క వేయవచ్చు.

ఈ చదువు మీద ఆసక్తి ఉన్నవారికోసం రెండు మాటలు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవారు బి.పి.ఓ. అనే డిగ్రీలో చేరవచ్చు. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఓలట్‌పూర్, కోల్‌కతా వంటి జాతీయ సంస్థలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిగ్రీ అందాక పునరావాస మండలిలో నమోదు చేసుకుని రిజిస్టరు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు వచ్చిన తర్వాతే కొలతపట్టీ చేతబట్టవచ్చు.