గని ధ్రువపత్రం నుంచి నెట్‌వర్కింగ్ ధ్రువపత్రం దాకా: బెల్లంపల్లి బొగ్గు ప్రాంతంలో నైపుణ్య నిరూపణ

వ్యాససంగ్రహం: సింగరేణి ప్రాంతంలో వృత్తి నైపుణ్యాన్ని నిరూపించే పరీక్ష చట్టం నుంచి విపణికి మారిన క్రమాన్ని బెల్లంపల్లి నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, బెల్లంపల్లి, ఓవర్‌మన్, సర్దార్, సీసీఎన్‌ఏ.

1. ఉపోద్ఘాతం

1871లో విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ దశకం చివర బెల్లంపల్లిలో బాయిలు మొదలయ్యాయి. నాటి నుంచి ఇక్కడి కుటుంబాల ఎదుగుదలకు కూలి రేటుతోపాటు ధ్రువపత్రం కూడా మెట్టుగా నిలిచింది.

2. చట్టం కోరిన పరీక్ష

1952 గనుల చట్టం, 1957 బొగ్గు గనుల నియమావళి ప్రకారం సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్ బాధ్యతలను ధ్రువపత్రం ఉన్నవారికే అప్పగించాల్సి ఉండేది. వాటి పరీక్షలను ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా విభాగం పర్యవేక్షించేది. గనిలో పనిచేసిన అనుభవం, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉండాలి. రక్షణ దీపం వత్తిని తగ్గించి, మంటపై కనిపించే లేతనీలి టోపీ ఎత్తును బట్టి మీథేన్ పాళ్లను అంచనా వేయడం తెలియాలి. అంచనా తప్పితే ప్రాణాలు పోతాయి. ఈ వ్యవస్థలో పని ముందు, పరీక్ష తరువాత.

3. విపణి కోరిన పరీక్ష

1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య యాంత్రీకరణ, ఓపెన్‌కాస్ట్ విస్తరణ, స్వచ్ఛంద విరమణల వల్ల క్రమంగా సగానికన్నా తగ్గింది. బెల్లంపల్లిలో పాత బాయిలు మూతపడ్డాయి. వారసత్వ ఉద్యోగాల ప్రకటనను 2017లో హైదరాబాద్ ఉన్నత న్యాయస్థానం కొట్టివేసింది. తరువాతి తరానికి బాయి తలుపు ఇరుకైంది.

ఈ మార్పు సాగుతున్న కాలంలోనే, 1998లో, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది సిస్కో సంస్థ సీసీఎన్‌ఏ ధ్రువపత్రాన్ని ప్రవేశపెట్టింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు జిల్లాల విద్యార్థులకు దీన్ని అందుబాటులోకి తెచ్చాయి. ఏడు పొరల ఓఎస్ఐ నమూనా, రౌటింగ్, చిరునామాల విభజన ఇందులోని పాఠ్యాంశాలు. ఉదాహరణకు, 26 బిట్లను నెట్‌వర్క్‌కు కేటాయిస్తే 32 బిట్ల చిరునామాలో 6 బిట్లు మిగులుతాయి. వాటితో 64 చిరునామాలు ఏర్పడగా, పరికరాలకు 62 దక్కుతాయి. ఈ లెక్కను కాగితం మీద వేగంగా చేయగలగడమే అభ్యర్థి తొలి సాధన.

4. తులన

ఈ పరీక్ష రాయడానికి అనుభవం అవసరం లేదు. కానీ ఉత్తీర్ణుడికే ఉద్యోగమివ్వాలని ఏ చట్టమూ నిర్దేశించదు. ధ్రువపత్రం మూడేళ్లే చెల్లుతుంది. తరువాత దాన్ని పునరుద్ధరించుకోవాలి. పరీక్షాంశాలను పరికరాలు తయారుచేసే సంస్థే నిర్ణయిస్తుంది. 2020లో ఆ సంస్థ తన పరీక్షలను పునర్‌వ్యవస్థీకరించినప్పుడు అభ్యర్థుల సన్నద్ధత కూడా మారవలసివచ్చింది. రుసుము, హైదరాబాద్‌లో వసతి, ఆంగ్లంలో చదివే శ్రమ కుటుంబంపైనే పడతాయి.

అయితే దీన్ని నష్టంగా మాత్రమే లెక్కించడం చారిత్రకంగా సరికాదు. 1952 చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ పనికి దూరంగా ఉంచింది. సాంకేతిక, పర్యవేక్షక పనుల్లో ఆ నిషేధాన్ని కేంద్రం సడలించింది 2019లోనే. అంతవరకు సర్దార్ ధ్రువపత్రం కార్మికుని కూతురికి ఆచరణలో అందనిది. నెట్‌వర్కింగ్ పరీక్ష ఆమెను ఆ కారణంతో ఆపలేదు.

5. ముగింపు

పాత ధ్రువపత్రం కొద్దిమందికే తలుపు తీసింది. తీసిన తలుపుకు చట్టం కాపలా ఉంది. కొత్తది ఎక్కువమందికి తలుపు చూపింది; దానికి కాపలా లేదు. కాబట్టి గని ప్రాంతపు విద్యాచరిత్రను రాసేవారు ఎందరు ఉత్తీర్ణులయ్యారన్న లెక్కతో ఆగకూడదు. ఆ పత్రాన్ని ఎవరు కోరారు, ఖర్చు ఎవరు భరించారు, అది ఎంతకాలం చెల్లింది అన్న మూడు ప్రశ్నలనూ వేయాలి.