నిలిచినవాని అండ

పొంగిన వాగును ఇద్దరు దాటవలసి వచ్చినపుడు ఇద్దరును ఒక్కసారిగా అడుగు ఎత్తరు. ఒకడు కాళ్ళు నిలదొక్కుకొని చేయి పట్టియుండగా రెండవవాడు ముందుకు సాగును. పిమ్మట అతడు నిలిచి, మొదటివానికి ఆసరా ఇచ్చును. పదాతిదళపు యుద్ధతంత్రమునకు మూలసూత్రము ఇంతకన్న వేరు కాదు. ఒక జట్టు నేలను అంటిపెట్టుకొని శత్రువుపై తూటాలు కురిపించును. శత్రువు తల ఎత్తలేని ఆ కొద్ది క్షణములలో రెండవ జట్టు పరుగెత్తి మరొక మరుగును చేరును. తరువాత వంతులు మారును. వినుటకు ఇంత సులువైన ఈ పాఠమును సైన్యములు నేర్చుకొనుటకు అపారమైన ప్రాణనష్టము కావలసివచ్చినది.

పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున సిపాయిలు భుజము భుజము కలిపి నడచెడివారు. నాటి తుపాకి నిమిషమునకు రెండు మూడు గుండ్లకు మించి పేలదు. దాని గురియు దగ్గరిదే. కావున గుంపుగా నిలుచుటయే బలము. నిమిషమునకు సుమారు 500 తూటాలు కురిపించు మరతుపాకి ఈ లెక్కను తలక్రిందులు చేసినది.

1916 జూలై 1వ తేదీన ఫ్రాన్సులోని సోమ్ రణరంగమున బ్రిటిష్ సేన ముందడుగు వేసినది. అంతకుముందు ఏడు దినములు ఫిరంగులు మ్రోగినవి. అయినను ఆ ఒక్కనాడే 57,470 మంది నష్టమైరి. వారిలో 19,240 మంది మరణించిరి. పటాలములన్నియు వరుసలు తీరి మెల్లగా నడచినవనుట సరికాదు. 36వ అల్‌స్టర్ డివిజను ఫిరంగులు ఆగకముందే పొంచి ముందుకు సాగి, శత్రువుల కందకములలో చొరబడినది. కాని మరతుపాకులు మిగిలియున్న చోట్ల నడచినవారును, పరుగెత్తినవారును సమముగానే కూలిరి. వెనుకనున్న ఫిరంగులు ముందుగా నిర్ణయించిన వేళల ప్రకారము పేలుచుండెను. ఏ మూల ఏ తుపాకి బ్రతికియున్నదో వాటికి తెలియదు. తెలిసిన సిపాయి చేతిలో దానిని అణచు సాధనము చాలకుండెను. లోపము ధైర్యములో లేదు, అండలో ఉన్నది.

ఈ కొరతను కొందరు ముందే గుర్తించిరి. ఫ్రెంచి కెప్టెన్ లఫార్గ్ 1915 నాటి దాడి అనుభవముతో దీనిపై ఒక పుస్తకము వ్రాసెను. జర్మను కెప్టెన్ రోర్ ఆ సంవత్సరముననే దాడిదళములకు శిక్షణ ప్రారంభించెను. 1917 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన తన ప్లటూనును నాలుగు సెక్షనులుగా తీర్చినది: లూయిస్ తుపాకివారు, తుపాకితో బాంబులు పేల్చువారు, చేతిబాంబులవారు, రైఫిలువారు. సుమారు 28 పౌనుల బరువుగల లూయిస్ తుపాకిని ఒక మనిషి మోయగలడు. అది శత్రుస్థావరమును ఎదుటనుండి అణచిపట్టగా, తక్కినవారు ప్రక్కనుండి చుట్టివచ్చుట క్రొత్త పద్ధతి.

1917 ఏప్రిల్ 9న కెనడా సైనికులు వీమీ గుట్టను ఈ పద్ధతిలో ఎదుర్కొనిరి. నేలపై గుర్తులు వేసి ముందే దాడిని అభ్యసించిరి. గుట్టలో అధికభాగము తొలినాడే చేజిక్కినది, 12వ తేదీకి అంతయు వశమైనది. ఈ విజయమున ఫిరంగిదళమునకు గొప్ప పాలున్నది. నాలుగు దినములలో 3,598 మంది కెనడా సైనికులు మరణించిరి. క్రొత్త తంత్రము మృత్యువును తొలగించలేదు. వ్యర్థ మరణములను మాత్రము తగ్గించినది.

మరొక మార్పును దీనితో వచ్చినది. ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు కాల్పులు ఆపవలెనో దూరముననున్న సేనాపతి నిర్ణయింపజాలడు. ఆ భారము పదిమందికి నాయకుడైన కార్పొరల్‌పై పడినది. యుద్ధగాథలు వినునపుడు మనము దూకినవానిని స్మరింతుము. అతడు దూకినంతసేపు బురదలో పండుకొని శత్రువును అణచిపట్టిన సహచరుని కూడ లెక్కించుట న్యాయము.