గన్నవరం విమానాశ్రయం – దిగువ కృష్ణా డెల్టా బస్సులు

బందరు (మచిలీపట్నం), గుడివాడ, ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ పట్టణాల నుంచి, పామిడిముక్కల లాంటి మండలాల్లోని ఊళ్ల నుంచి గన్నవరం విమానాశ్రయానికి జనాన్ని చేరవేసే పని చాలావరకు ఆర్టీసీ మామూలు బస్సులదే. విమానం బొమ్మ వేసుకున్న బస్సు కన్నా, విమానాశ్రయం మలుపు ముందు నుంచి సాగిపోయే ఏలూరు బస్సు, హనుమాన్ జంక్షన్ బస్సు ఈ ప్రాంతానికి ఎక్కువ అక్కరకొచ్చాయి. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి పక్కనే విమానాశ్రయం ఉండటం అందుకు ఒక కారణం. డెల్టాలో రోడ్లు పుట్టిన తీరు అంతకన్నా పెద్ద కారణం.

కాలవల వెంట రోడ్లు, రోడ్ల వెంట బస్సులు

బెజవాడ (విజయవాడ) దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. అక్కడి నుంచి కాలవలు విసనకర్ర ఈనెల్లా విడిపోయి తూర్పు డెల్టా అంతటా పరుచుకున్నాయి. బందరు కాలవ ఆగ్నేయంగా, ఏలూరు కాలవ ఈశాన్యంగా సాగాయి. కొంతకాలం సరుకులూ మనుషులూ వాటి మీదే పడవల్లో తిరిగారు. ఆ తర్వాత రోడ్లు కూడా దాదాపు అదే జాడ పట్టాయి. బందరు రోడ్డు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా సముద్రం వైపు దిగుతుంది; ఒకప్పుడు అది 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. ఏలూరు రోడ్డు రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి దాటి గన్నవరం చేరుతుంది. అది ఇప్పటి 16వ నంబరు రహదారి. రెండూ బెజవాడలోనే కలుస్తాయి.

వాటి నడుమ ఉన్నది పల్లపు నేల. బుడమేరు ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కిందుగా దాటి, ఈ నేల మీదుగానే కొల్లేరుకు పోతుంది. వరి పొలాలు, మురుగు కాలవలు, డొంకలు పెనవేసుకున్న చోట అడ్డంగా పెద్ద రోడ్డు వేయడం ఎవరికీ తొందర పని కాలేదు. ఫలితం లెక్కల్లోనే కనిపిస్తుంది. ఉయ్యూరు నుంచి గన్నవరానికి తిన్నగా గీత గీస్తే 20 కిలోమీటర్లు. బెంజ్ సర్కిల్ మీదుగా బస్సులో వెళితే అది రెట్టింపు దాటుతుంది. పామిడిముక్కల మండలంలో ప్రయాణం మొదలైతే ఇంకాస్త ఎక్కువ.

రైలు ఈ లోటు తీర్చలేదు. బెజవాడ–బందరు రైలుమార్గం 1908లో మొదలైనా అది ఉప్పులూరు, గుడివాడల మీదుగా వెళ్లింది. కంకిపాడు, ఉయ్యూరు, పామిడిముక్కల, పామర్రులకు రైలు ఎప్పుడూ పక్క ఊరి చుట్టమే. కృష్ణ పాయల నడుమనున్న దివిసీమ సంగతి చెప్పనక్కర్లేదు. గుడివాడ మనిషి రైలా, బస్సా అని ఆలోచించుకోవచ్చు. బందరు రోడ్డు మనిషికి ఆ అవకాశం లేదు. అందుకే బస్సు వేళ ఒక్కటి మారినా ఆ ఊళ్లలో రోజంతా అదే ముచ్చట.

ప్రైవేటు బస్సుల కాలం, సుప్రీంకోర్టుకెక్కిన కృష్ణా జిల్లా

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు మద్రాసు రాష్ట్రమంతటా బొగ్గు గ్యాసు బస్సులు తిరిగాయి. వెనక పొయ్యి లాంటి డబ్బా బిగించుకుని, బొగ్గు మండిస్తే వచ్చే గ్యాసుతో నడిచేవి. అప్పుడూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ కృష్ణా జిల్లా బస్సులు ప్రైవేటు యజమానుల చేతుల్లోనే ఉన్నాయి. పొలం మీద వచ్చిన డబ్బును బస్సులో పెట్టడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ప్రభుత్వం ఈ రూట్లను తీసుకోబోయింది. 1957 నవంబరులో జాతీయీకరణ పథకం ప్రకటించింది. బస్సు యజమానులు అభ్యంతరాలు పెట్టారు. రవాణా వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యదర్శి వాటిని విన్నారు, ముఖ్యమంత్రి నిర్ణయం తీసుకున్నారు, 1958 జనవరిలో పథకానికి ఆమోదం వచ్చింది. అదే నెల 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ మూలాలు కోస్తాలో లేవు. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖే దానికి పూర్వరూపం. అంటే బెజవాడ రోడ్ల మీదికి హైదరాబాదు బస్సు వచ్చిందన్నమాట.

యజమానులు ఊరుకోలేదు. వారిలో ఒకరైన గుల్లపల్లి నాగేశ్వరరావు, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీల మధ్య నడిచిన ఆ కేసు దేశమంతటా న్యాయ విద్యార్థులకు పాఠమైంది. 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పథకం ఆమోదాన్ని కొట్టేసింది. వాదన విన్నవారు ఒకరు, నిర్ణయించినవారు మరొకరు అయితే ఆ విచారణ ఉత్త తంతు అన్నది మెజారిటీ తీర్పు సారం. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు కూడా తెలుగువారే. దాంతో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా అభ్యంతరాలు విన్నారు. ఆయన ముందే మనసులో నిశ్చయించుకున్నారని యజమానులు మళ్లీ కోర్టుకెళ్లారు కానీ, 1959లో ఆ వాదన నిలబడలేదు. పరిపాలనా న్యాయశాస్త్రం పుస్తకాల్లో కృష్ణా జిల్లా పేరు ఈనాటికీ కనిపించేది బస్సు రూట్ల పుణ్యమే.

ఆర్టీసీ వచ్చాక డిపోలు వెలిశాయి. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ, ఉయ్యూరు, గన్నవరం డిపోలు ఈ వ్యాసానికి సంబంధించినవి. 1990లో కృష్ణ ఒడ్డున పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ తెరిచాక, గవర్నరుపేటలోని స్థలం ‘పాత బస్టాండు’ అయిపోయింది. రూట్లన్నీ ఆ ఒక్క ప్రాంగణం నుంచే బయల్దేరడం వల్ల పల్లె నుంచి పట్నానికి పోవడం తేలికైంది. ఒక రోడ్డు మీది ఊరి నుంచి మరో రోడ్డు మీది ఊరికి పోవడం మాత్రం అప్పటిలాగే చుట్టుదారిలో ఉండిపోయింది. విమానాశ్రయం ఉన్నది ఆ రెండో రోడ్డు మీద.

గన్నవరంలో విమానం

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తూర్పు తీరం భయంతో వణికిన ఆ యుద్ధ కాలంలోనే గన్నవరం సైనిక విమానాల స్థావరమైంది. తర్వాత పౌర విమానాశ్రయంగా మారినా, దశాబ్దాల పాటు సందడి తక్కువ. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాదు–విజయవాడ సర్వీసు పెట్టింది. ఆ సంస్థ కింగ్‌ఫిషర్‌లో కలిశాక కూడా 2011 వరకు అది నడిచింది. ఆ ఏడాదే మరికొన్ని సంస్థలు వచ్చాయి.

ఆ రోజుల్లో విమానం ఎక్కేవారు కారులో వచ్చేవారు. బస్సులో వచ్చింది ఎవరంటే అక్కడ పని చేసేవారు, గన్నవరం పశువైద్య కళాశాలకు, చిన్నఅవుటపల్లి వైద్య కళాశాలకు, తేలప్రోలు వైపు ఇంజనీరింగ్ కళాశాలకు పోయే పిల్లలు. చాలాచోట్ల విమానాశ్రయం బస్సుకు రోజువారీ గిరాకీలో ఉద్యోగుల వాటా పెద్దది. సూట్‌కేసు పట్టుకున్న ప్రయాణికుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే అతిథి. రూట్లు గీసేవాళ్లు ఈ సంగతి తరచూ మరిచిపోయి, అతిథి కోసం ఏసీ బస్సు పెట్టి, సీట్లు ఖాళీగా తిప్పి, నష్టమొచ్చిందని తీసేస్తుంటారు.

2014లో రాష్ట్ర విభజనతో పరిస్థితి మారింది. రాజధాని పనులు విజయవాడ చుట్టూ చేరాయి. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు. అదే ఏడాది కేంద్రం అంతర్జాతీయ హోదా ఇచ్చింది. 2018 డిసెంబరులో సింగపూరుకు తొలి అంతర్జాతీయ విమానం ఎగిరింది. 2018–19లో ప్రయాణికులు 10 లక్షలు దాటారు. రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించి 2021లో వాడుకలోకి తెచ్చారు. 2022 అక్టోబరు చివర షార్జా సర్వీసు మొదలైంది. విస్తరణకు కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు భూములిచ్చారు.

పామిడిముక్కల నుంచి దారి

మండలంలోని ఏ ఊరి నుంచైనా మొదటి మజిలీ బందరు రోడ్డు, లేదా ఉయ్యూరు బస్టాండు. లోపలి ఊళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులూ, వాటి మధ్య ఖాళీల్లో షేర్ ఆటోలూ ఉంటాయి. బందరు నుంచో అవనిగడ్డ నుంచో బెజవాడ పోయే బస్సెక్కితే బెంజ్ సర్కిల్ వస్తుంది. బందరు రోడ్డు, జాతీయ రహదారి కోసుకునేది ఇక్కడే. తెలిసినవాళ్లు నెహ్రూ బస్‌స్టేషన్ దాకా పోకుండా ఇక్కడే దిగి ఏలూరు వైపు బస్సు పట్టుకుంటారు. తెలియనివాళ్లు బస్టాండుకు పోయి అదే రోడ్డు మీద వెనక్కి వస్తారు. రామవరప్పాడు రింగు మరో మార్పు చోటు. గుడివాడవాళ్లకు ఇంకో దారి ఉంది. హనుమాన్ జంక్షన్‌కు పైకి వెళ్లి, రహదారి పట్టుకుని గన్నవరం వైపు దిగవచ్చు.

చివరి గండం రహదారి మీదే ఉంటుంది. దూరపు ఎక్స్‌ప్రెస్ ఎయిర్‌పోర్టు దగ్గర ఆగుతుందో లేదో కండక్టరును ముందే అడిగి ఎక్కాలి. లేకపోతే గన్నవరంలో దిగి ఆటోలో వెనక్కి రావాలి. బస్సు రహదారి మీదే దింపేస్తే, టెర్మినల్ దాకా సామాను మోసుకుపోయే బాధ్యత ప్రయాణికుడిదే.

తెల్లవారుజాము విమానాలకు పూర్వం నైట్ హాల్ట్ బస్సు కొంత ఆసరా అయ్యేది. రాత్రి చివరి ట్రిప్పుగా ఊళ్లోకి వచ్చిన బస్సు అక్కడే నిలబడి, డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసులోనో బడి వరండాలోనో పడుకుని, పొద్దున్నే మొదటి ట్రిప్పు తీసేవారు. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, కళాశాల పిల్లలు దానికి అలవాటు పడ్డవాళ్లు. విమానాల వేళలను మనసులో పెట్టుకుని వేసిన బస్సు కాదది. అయినా పల్లెను తెల్లవారేసరికి పట్నంలో దింపగలిగింది అదే.

రెండో విమానాశ్రయం

దిగువ డెల్టాలో విమానం అనగానే చాలా ఇళ్లలో గుర్తొచ్చేది గన్నవరం కాదు, హైదరాబాదు దగ్గరి శంషాబాద్. 2008 మార్చి వరకు బేగంపేట. అమెరికా పోయే కొడుకును సాగనంపడానికి బందరు, గుడివాడ, అవనిగడ్డల నుంచి బయల్దేరే రాత్రి బస్సే ఆ కుటుంబాలకు విమానాశ్రయం బస్సు. సుమారు 275 కిలోమీటర్ల విజయవాడ–హైదరాబాద్ రోడ్డు దాటి తెల్లవారేసరికి ఎల్‌బీ నగర్‌లో దిగితే, మిగతా దూరానికి నగరం బస్సులున్నాయి. విమానాశ్రయం కోసమే ‘పుష్పక్’ పేరుతో ఆర్టీసీ ఏసీ బస్సులు తిప్పింది. 2019 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ అలాంటి రూట్ల కోసం 40 ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చింది. తెలుగు నేల మీద విమానాశ్రయం బస్సు అనే మాటకు నిండు రూపం వచ్చింది అక్కడే.

అది మహానగరం లోపలి బస్సు. పక్క పట్టణాలను నగరంతో పని లేకుండా విమానాశ్రయానికి కలిపే పద్ధతి వేరు. ఇంగ్లండులో రీడింగ్ రైల్వే స్టేషన్ నుంచి హీత్రూకు 1967లో మొదలైన బస్సు ఇప్పటికీ తిరుగుతోంది. మన పక్కనే కర్ణాటక ఆర్టీసీ ‘ఫ్లైబస్’ పేరుతో మైసూరు నుంచి నేరుగా బెంగళూరు విమానాశ్రయానికి బస్సులు నడుపుతోంది. దిగువ డెల్టాకు సరిపోలిక మైసూరే కానీ, జనం లెక్క వేరు. ఒక ఏటీఆర్ విమానంలో 70 మంది దిగితే, అందులో బందరు రోడ్డు వైపు పోయేవారు ఎంతమంది? వారిలో కారు రానివారు ఎంతమంది? పెద్ద బస్సు నిండదు. విమానాశ్రయంలో పనిచేసేవారిని, గన్నవరం చుట్టుపక్కల కళాశాలల పిల్లలను, ఉయ్యూరు–కంకిపాడు బేరగాళ్లను కూడా కలుపుకుంటే నిండే అవకాశం ఉంది. అలాంటి బస్సు మీద ‘ఎయిర్‌పోర్ట్’ అని పెద్ద అక్షరాలతో రాయక్కర్లేదు, విమానాశ్రయం దగ్గర ఆగితే చాలు.

కొత్త సరిహద్దులు

2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయింది. గన్నవరం బందరు కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే నిలిచింది. ఉయ్యూరు కొత్త రెవెన్యూ డివిజన్ అయింది, పామిడిముక్కల అందులో చేరింది. విచిత్రమేమంటే, విమానాశ్రయమూ పామిడిముక్కలా ఒకే జిల్లాలో ఉన్నా, బెంజ్ సర్కిల్‌లో బస్సు మారేవాళ్లు పక్క జిల్లాలో కాలు పెట్టి రావాలి.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ తదితర బస్సుల్లో మహిళలకు చార్జీ తీసేశారు. విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పనికి రెండు బస్సులు మారి వచ్చే ఆడమనిషికి, ఏ ఏసీ సర్వీసూ చేయని మేలు ఇది. జీతంలో చార్జీల కింద పోయే వాటా ఆమెకు మిగిలింది. బస్సు మారే బెడద, అందులో పోయే గంటలు మాత్రం అలాగే ఉన్నాయి.

విజయవాడ మెట్రో కోసం వేసిన ప్రణాళికలో మొదటి దశకు రెండు మార్గాలున్నాయి: ఒకటి గన్నవరం నుంచి నెహ్రూ బస్‌స్టేషన్‌కు, మరొకటి అక్కడి నుంచి బందరు రోడ్డు వెంట పెనమలూరుకు. అది కట్టినా, పెనమలూరులో రైలెక్కిన ఉయ్యూరు ప్రయాణికుడు విమానాశ్రయం చేరడానికి బస్‌స్టేషన్ మీదుగానే పోవాలి.